చిన్న విమానంలో సీఓ డిటెక్టర్: అరిచేదే కొనండి

ఈ మధ్యే ఒక పాత నాలుగు సీట్ల విమానంలో వాటా కొన్న మిత్రుడు ప్యానెల్ ఫొటో పంపించాడు. మూలన అంటించి ఉన్న చిన్న అట్టముక్క, దాని మధ్యలో నారింజ రంగు చుక్క, గాలిలో విషవాయువు ఉంటే రంగు మారేది. ఇది ఉండగా కార్బన్ మోనాక్సైడ్ (సీఓ) అనే ఆ వాయువుని పసిగట్టే డిటెక్టర్ అని మళ్లీ వేరేది కొనాలా అని అడిగాడు. కొనాలి. తర్వాతి ఫ్లైట్‌కి ముందే కొనాలి. ఫోన్‌లో చెప్పింది సరిపోలేదనిపించి, నాకు తెలిసిందంతా ఇక్కడ రాస్తున్నాను. పిస్టన్ ఇంజిన్ విమానం నడిపేవాళ్లకీ, వాళ్లని నమ్మి పక్క సీట్లో కూర్చునేవాళ్లకీ పనికొస్తుంది.

ముందు ఈ వాయువు క్యాబిన్‌లోకి ఎలా వస్తుందో చూద్దాం, ఏ డిటెక్టర్ కావాలో అక్కడే సగం తేలిపోతుంది. చాలా చిన్న విమానాల్లో వెచ్చదనానికి ప్రత్యేకంగా హీటర్ ఉండదు. ఇంజిన్ పొగ బయటకి పోయే దారిలో ఉండే మఫ్లర్ (సైలెన్సర్) చుట్టూ ఒక రేకు తొడుగు ఉంటుంది, దాన్ని ష్రౌడ్ అంటారు. బయటి చల్లగాలి అందులోకి వచ్చి, కాలుతున్న మఫ్లర్‌ని ఒరుసుకుంటూ వేడెక్కి, గొట్టం గుండా నేరుగా మన కాళ్ల దగ్గరికి వస్తుంది. మనం హీటర్ అని పిలిచేది దీన్నే. అంటే మనం పీల్చే గాలికీ, ఇంజిన్ వదిలే పొగకీ మధ్య ఉన్న అడ్డు ఒక పల్చటి లోహపు గోడ మాత్రమే. ఆ గోడ ప్రతి ఫ్లైట్‌లోనూ కాలుతుంది, చల్లారుతుంది, అదురుతుంది, ఏళ్ల తరబడి. ఎక్కడో వెల్డింగ్ పక్కన సన్నటి పగులు మొదలవుతుంది, అది ష్రౌడ్ కింద ఉంటుంది కాబట్టి ఎగిరే ముందు చేసే ప్రీఫ్లైట్ తనిఖీలో ఎంత వంగి చూసినా కనిపించదు.

చిన్న లెక్క వేసి చూడండి. మిక్స్చర్ ఫుల్ రిచ్‌లో (గాలితో పోలిస్తే ఇంధనం ఎక్కువగా) ఉన్నప్పుడు ఎగ్జాస్ట్‌లో, అంటే ఇంజిన్ వదిలే పొగలో, కార్బన్ మోనాక్సైడ్ కొన్ని శాతాల దాకా ఉంటుంది. ఐదు శాతం అనుకుందాం, అంటే 50,000 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకి ఎన్ని భాగాలో చెప్పే కొలత). మీ క్యాబిన్ గాలిలో నూరో వంతు ఆ పొగ కలిసినా 500 పీపీఎం అవుతుంది. అమెరికాలో ఫ్యాక్టరీ కార్మికులకి ఎనిమిది గంటల సగటుగా చట్టం ఒప్పుకునే పరిమితి 50. అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ పాత సర్టిఫికేషన్ నియమాల్లో క్యాబిన్ గాలికి పెట్టిన పరిమితి కూడా ఇరవై వేలల్లో ఒక వంతు, అంటే అదే 50. కాబట్టి పెద్ద రంధ్రమే పడక్కర్లేదు.

హీటర్ ఆపేస్తే భయం లేదనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వేసవిలో డిటెక్టర్‌ని బ్యాగులోనే వదిలేసేవాళ్లూ ఉన్నారు. ఇది సరైన పద్ధతి కాదు. ఎగురుతున్న విమానం లోపల గాలి పీడనం బయట కంటే కొంచెం తగ్గి ఉండే చోట్లు ఉంటాయి, అరిగిపోయిన డోర్ సీల్ నుంచి, విమానం పొట్ట కింద ఉన్న ఇన్‌స్పెక్షన్ కవర్ల సందుల నుంచి, ముడుచుకునే చక్రాలుంటే ఆ గూళ్ల నుంచి, ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ అయిన ఫైర్‌వాల్‌లో వైర్లూ కేబుళ్లూ దూరే రంధ్రాల నుంచి, ఎగ్జాస్ట్ పైపు వదిలిన పొగ పొట్టని అంటుకుని వెనక్కి పోతూ లోపలికి లాగబడుతుంది. ఇవేవీ హీటర్ నాబ్‌తో ఆగవు.

2017 డిసెంబర్ 31న ఆస్ట్రేలియాలో సిడ్నీకి ఉత్తరాన జెరూసలేం బే దగ్గర ఒక డీహెచ్‌సీ-2 బీవర్ సీప్లేన్ నీళ్లలో కూలి పైలట్, ఐదుగురు ప్రయాణికులు అందరూ చనిపోయారు. అక్కడి దర్యాప్తు సంస్థ ఏటీఎస్‌బీ తేల్చిందేమిటంటే, సిలిండర్ల పొగని ఒకచోట చేర్చే ఎగ్జాస్ట్ కలెక్టర్ రింగులో పగుళ్లున్నాయి, ఫైర్‌వాల్‌లోని మాగ్నెటో (స్పార్క్ ప్లగ్గులకి కరెంటిచ్చే పరికరం) యాక్సెస్ ప్యానెళ్లకి ఉండాల్సిన బోల్టులు కొన్ని లేవు, ఆ సందుల్లోంచి పొగ క్యాబిన్‌లోకి వచ్చింది. ప్రయాణికులు ఎక్కకముందు దాదాపు అరగంట పైలట్ తన వైపు తలుపు కాస్త తెరిచి నీటి మీద టాక్సీ చేయడం (ఎగరకుండా మెల్లగా నడపడం) కూడా ఆయన రక్తంలో వాయువు పెరగడానికి తోడైందని రాశారు. ఇంజిన్ గదిలో పగులు ఒకటి, గోడలో సందు ఒకటి. విడివిడిగా చూస్తే ఏ మెకానిక్ అయినా "తర్వాత చూద్దాం" అనగలిగిన లోపాలే.

ఈ వాయువుకి రంగు లేదు, వాసన లేదు అని అందరికీ తెలుసు. నన్ను ఎక్కువ భయపెట్టేది అది కాదు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది, పట్టుకున్నాక త్వరగా వదలదు, మామూలు గాలి పీలుస్తూ ఉంటే సగం తగ్గడానికే నాలుగైదు గంటలు పడుతుంది. పైకి వెళ్లే కొద్దీ ఎలాగూ ఆక్సిజన్ పల్చబడుతుంది, ఆ లోటుకి ఈ లోటు తోడవుతుంది. మొదట తలనొప్పి, కాస్త వికారం, బద్ధకం. పొద్దున్నే లేచి వచ్చాం కదా, సరిగ్గా తినలేదు కదా అని సర్దిచెప్పుకునేంత మామూలు లక్షణాలు. ఆ సర్దిచెప్పుకునే మెదడే అప్పటికి దెబ్బతిని ఉంటుంది. "ఏదో తేడాగా ఉంది, ఒకసారి ఆ అట్టముక్క వైపు చూద్దాం" అనే ఆలోచన రావడానికి కావాల్సిన తెలివినే ఈ వాయువు ముందు తీసుకుపోతుంది.

అందుకే నా మాట ఇది: మీరు గుర్తుపెట్టుకుని చూడాల్సిన డిటెక్టర్ డిటెక్టరే కాదు. మీరు దాన్ని పూర్తిగా మర్చిపోయి, మంచులో ఐఎల్‌ఎస్ అప్రోచ్ (రేడియో సంకేతాల సాయంతో రన్‌వేకి దిగడం) చేస్తూ ఏటీసీతో (ట్రాఫిక్ కంట్రోలర్‌తో) మాట్లాడుతూ ఉన్నా, మీ చెవిలోకో చర్మానికో చేరి ఆపగలిగేదే డిటెక్టర్.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ 1982 నుంచి 2020 వరకు కార్బన్ మోనాక్సైడ్ వల్ల జరిగిన ప్రమాదాలు తీసి చూస్తే 31 తేలాయి. అందులో 23 ప్రమాదాల్లో ప్రాణాలు పోయాయి, మొత్తం 42 మంది. ఆ 31 విమానాల్లో డిటెక్టర్ ఉన్నది ఒక్కదాంట్లోనే, అది కూడా తనంతట తాను హెచ్చరించే రకం కాదు. ఈ లెక్కతోనే 2022 జనవరిలో మూసి ఉన్న క్యాబిన్ ఉన్న పిస్టన్ విమానాలన్నింట్లో హెచ్చరిక ఇచ్చే డిటెక్టర్ తప్పనిసరి చేయమని ఎఫ్‌ఏఏని కోరారు, 2004లో కూడా ఒకసారి అడిగారు. బ్రిటన్‌లో 2025 జనవరి 1 నుంచి పైలట్ అర్హత లేని ప్రయాణికుల్ని ఎక్కించుకునే పిస్టన్ విమానాల్లో ఇలాంటి డిటెక్టర్ ఉండి తీరాలని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ సీఏఏ నియమం తెచ్చింది. దాని వెనక ఫుట్‌బాల్ ఆటగాడు ఎమిలియానో సాలా కథ ఉంది. 2019 జనవరి 21న నాంట్ నుంచి కార్డిఫ్ వెళ్తూ ఆయన ఎక్కిన పైపర్ మాలిబు ఇంగ్లిష్ ఛానెల్‌లో కూలింది. ఆయన రక్తంలో కార్బాక్సీహిమోగ్లోబిన్ (కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్) 58 శాతం. పైలట్ కూడా దాని ప్రభావంలో ఉండి ఉండొచ్చని, విమానంలో హెచ్చరించే డిటెక్టర్ లేదని బ్రిటన్ దర్యాప్తు సంస్థ ఏఏఐబీ నివేదిక చెప్పింది. 58 శాతం అంటే ఆ వెనక సీట్లో ఏం జరిగి ఉంటుందో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ మనసు ఒప్పదు. జేబులో పట్టే పరికరం ఒకటి ఉండి ఉంటే చాలాముందే మోగేది.

ఇక కొనే సంగతి. నారింజ చుక్క అట్టలు ముందే పక్కన పెట్టేయండి. అవి చప్పుడు చేయవు, రంగు మారడం నెమ్మది, చీకట్లో ఎర్ర లైటు కింద ఆ మార్పు కనిపించదు. కవర్ విప్పాక చాలా రకాలు నెల నుంచి మూడు నెలల్లో పనికిరాకుండా పోతాయి, అమ్మోనియా లాంటి క్లీనింగ్ ద్రవాల ఆవిరి తగిలినా పాడవుతాయి. విప్పిన తేదీ వెనకాల రాసి ఉన్న అట్టని నేను దాదాపు ఎప్పుడూ చూడలేదు. ఏమీ లేకపోవడం కంటే నయం కదా అంటారు, నేను అలా అనను, ఎందుకంటే అది ఉందనే ధైర్యంతోనే అసలుది కొనరు.

ఇంట్లో గోడకి పెట్టే అలారం తెచ్చి విమానంలో పెట్టుకుంటే? ఇక్కడ కాస్త జాగ్రత్తగా వినండి. ఇంటి అలారాలు కావాలనే ఆలస్యంగా మోగేలా తయారుచేస్తారు, చిన్నచిన్న వాటికి ఇంట్లోవాళ్లు విసిగిపోకూడదని. అమెరికన్ యూఎల్ 2034 ప్రమాణం ప్రకారం 70 పీపీఎం దగ్గర మోగడానికి గంట నుంచి నాలుగు గంటల దాకా పట్టొచ్చు, 150 దగ్గర పది నుంచి యాభై నిమిషాలు, 400 దగ్గర నాలుగు నుంచి పదిహేను నిమిషాలు. 30కి తక్కువ ఉన్న అంకెని చాలావరకు చూపించవు కూడా. గంటన్నర ఫ్లైట్‌లో 70 పీపీఎం పీలుస్తూ పోతే అది మోగకముందే మీరు దిగిపోవచ్చు, లేదా దిగలేకపోవచ్చు. యూరప్ ప్రమాణం ఈఎన్ 50291 కొంచెం చురుకైనది, 300 పీపీఎం దగ్గర మూడు నిమిషాల్లోపు, 100 దగ్గర పది నుంచి నలభై నిమిషాల్లో, 50 దగ్గర గంట నుంచి గంటన్నరలో మోగాలి. ఏమీ లేని విమానంలో ఇదైనా ఉంటే ప్రాణం నిలబెట్టగలదు. కానీ ఎంచుకునే వీలున్నప్పుడు, ఎలక్ట్రోకెమికల్ సెన్సర్ ఉండి, తక్కువ అంకెల్ని కూడా అప్పటికప్పుడు తెర మీద చూపించి, అలారం ఏ అంకె దగ్గర మోగాలో ముందే తెలిసే పరికరం తీసుకోండి. ఫ్యాక్టరీ కార్మికులు బెల్టుకి తగిలించుకునే మీటర్లు సరిగ్గా ఇలాంటివే, సెన్సర్‌కాన్ లాంటి కంపెనీలు వాటినే పైలట్ల కోసం కూడా అమ్ముతున్నాయి, మోత, వెలుగు, వైబ్రేషన్ మూడూ ఉంటాయి.

వైబ్రేషన్ సంగతి తేలిగ్గా తీసుకోకండి. మంచి హెడ్‌సెట్ పెట్టుకున్నాక బయటి కీచు శబ్దం ఎంత వినిపిస్తుందో ఇంట్లో కూర్చుని అంచనా వేయలేం. ఒకసారి నేల మీద ఇంజిన్ నడుస్తుండగా, హెడ్‌సెట్ పెట్టుకుని, మీకు చెప్పకుండా పక్కవాళ్లని టెస్ట్ బటన్ నొక్కమనండి. మీరు తల తిప్పకపోతే ఆ పరికరం చోటు మార్చాలి, లేదా పరికరమే మార్చాలి. ఈ చిక్కు లేకుండా హెచ్చరిక నేరుగా చెవిలోకి వచ్చేవీ ఉన్నాయి. లైట్‌స్పీడ్ డెల్టా జులు హెడ్‌సెట్‌లోనే సెన్సర్ పెట్టారు. సెంట్రీ అనే ఏడీఎస్-బీ (చుట్టుపక్కల విమానాల సమాచారం అందుకునే) రిసీవర్‌లోనూ ఉంది, హెచ్చరిక పైలట్లు వాడే ఫోర్‌ఫ్లైట్ యాప్‌లో కనిపిస్తుంది. ప్యానెల్‌లో బిగించి ఆడియో ప్యానెల్‌కి కలిపే రకాలూ ఉన్నాయి. విమానం మీదే అయితే, డబ్బు పెట్టగలిగితే, బిగించినదే మేలు, బ్యాటరీ బెంగ ఉండదు, ఇంట్లో మర్చిపోవడం ఉండదు. క్లబ్ విమానాలు అద్దెకి తీసుకునేవాళ్లకైతే సొంత పోర్టబుల్ ఒకటే దారి, అది మీ ఫ్లైట్ బ్యాగులో ఉండాలి.

ఎక్కడ పెట్టాలి అంటే, చాలామంది ఈ వాయువు బరువైనది కాబట్టి కింద పెట్టాలంటారు, కొందరు తేలిక కాబట్టి పైన అంటారు. దీని సాంద్రత గాలికి దాదాపు సమానం, కాక్‌పిట్‌లో గాలి ఎలాగూ సుడులు తిరుగుతూ కలిసిపోతుంది. ఎత్తు గురించి కంగారు వద్దు. మీ చూపు మామూలుగా తిరిగే చోట, చెయ్యి అందే చోట ఉండాలి. ఫ్రెష్ ఎయిర్ వెంట్ ముందు పెడితే బయటి గాలినే కొలుస్తుంది. అద్దం కింద గ్లేర్‌షీల్డ్ మీద పెడితే ఎండకి కాలి సెన్సర్ ఆయుష్షు తగ్గుతుంది. జేబులో వేసుకుంటే సెన్సర్ రంధ్రం గుడ్డతో మూసుకుపోతుంది.

కొన్నాక మొదటి కొన్ని ఫ్లైట్లలో చేయాల్సిన పని ఒకటుంది, నా దృష్టిలో ఇది కొనడం కంటే ముఖ్యం. మీ విమానానికి మామూలు అంకెలేవో రాసుకోండి. స్టార్ట్ చేసినప్పుడు, వెనక గాలితో టాక్సీలో, రనప్‌లో (టేకాఫ్ ముందు ఇంజిన్ పరీక్ష), క్లైంబ్‌లో (పైకెక్కేటప్పుడు) ఫుల్ రిచ్ మీద, క్రూజ్‌లో (ఒకే ఎత్తులో సాగేటప్పుడు) హీటర్ ఆపి, హీటర్ పెట్టి, దిగేటప్పుడు. టాక్సీలో, రనప్‌లో కాసేపు అంకె పైకి పోయి టేకాఫ్ కాగానే సున్నాకి దిగడం చాలా విమానాల్లో మామూలే. క్రూజ్‌లో మాత్రం సున్నా, లేదా దాని దగ్గర్లో ఏదో ఒక అంకె నిలకడగా ఉండాలి. నెలల తరబడి సున్నా చూపించిన విమానం ఒకరోజు హీటర్ పెట్టగానే 12 చూపిస్తే, ఏ అలారమూ మోగకపోయినా, నాకు అది మఫ్లర్ విప్పించడానికి చాలిన కారణం. పగులు పెరుగుతున్న కొద్దీ అంకె పెరుగుతుంది, అది 100కి చేరేదాకా ఆగడంలో అర్థం లేదు. తక్కువ అంకెలు చూపించే పరికరమే కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

నిలకడగా ఏదో అంకె వస్తోంది, ఎక్కడి నుంచో తెలియదు అంటే, పక్కన ఇంకో పైలట్‌ని కూర్చోబెట్టి విమానం వాళ్లకిచ్చి, మీరు డిటెక్టర్‌ని చేత్తో పట్టుకుని వెతకండి. హీటర్ గొట్టం నోటి దగ్గర, పెడళ్ల వెనక ఫైర్‌వాల్ దగ్గర, తలుపు అంచుల వెంబడి, సీట్ల కింద, వెనక బ్యాగేజ్ గోడ దగ్గర. సెన్సర్ స్పందించడానికి కాస్త సమయం పడుతుంది కాబట్టి ప్రతిచోటా ఒక నిమిషమైనా ఆపండి. హీటర్ మూసినా తలుపు దగ్గర అంకె తగ్గకపోతే మఫ్లర్ కాదు, సీల్ చూడాలి. మెకానిక్ దగ్గరికి "ఏదో వాసన వస్తోంది" అని వెళ్లడం వేరు, "1,500 అడుగుల క్లైంబ్‌లో కుడి తలుపు కింద అంచున 28" అని రాసిన కాగితంతో వెళ్లడం వేరు.

మెయింటెనెన్స్‌కి వస్తే, టెస్ట్ బటన్‌ని నమ్మకండి. అది చాలా పరికరాల్లో బజర్, లైటు, బ్యాటరీ బాగున్నాయని మాత్రమే చెబుతుంది. సెన్సర్ ఎండిపోయి చచ్చి ఉన్నా బటన్ నొక్కితే కీచుమంటుంది, తెర మీద ప్రశాంతంగా సున్నా ఉంటుంది. ఆ సున్నా శుభ్రమైన గాలి సున్నానా, చచ్చిన సెన్సర్ సున్నానా అని తెలియాలంటే నిజమైన వాయువు చూపించాలి. తెలిసిన పీపీఎం ఉన్న కాలిబ్రేషన్ గ్యాస్ డబ్బాలు దొరుకుతాయి, వాటితో చేయడమే సరైనది, దీన్నే బంప్ టెస్ట్ అంటారు. అది లేకపోతే ఆరుబయట, నడుస్తున్న పెట్రోల్ ఇంజిన్ ఎగ్జాస్ట్‌కి కొంచెం దూరంలో కొన్ని క్షణాలు పట్టుకుంటే అంకె కదలాలి, అలారం మోగాలి. పరికరాన్ని ఎగ్జాస్ట్ పైపు నోట్లోకి దూర్చకండి, వేడికీ తేమకీ మితిమీరిన గాఢతకీ సెన్సర్ దెబ్బతింటుంది. కొత్త కార్లలో కాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కాక ఈ వాయువు బాగా తగ్గిపోతుంది, కాబట్టి అప్పుడే స్టార్ట్ చేసిన చల్లటి ఇంజిన్ దగ్గరైతేనే పని జరుగుతుంది. నేను నెలకోసారి చేస్తాను, చలికాలం మొదలయ్యే ముందు తప్పకుండా.

సెన్సర్ లోపల ఉండేది చిన్న రసాయన ఘటం. కార్బన్ మోనాక్సైడ్ ఎలక్ట్రోడ్ మీద ఆక్సీకరణం చెంది కార్బన్ డయాక్సైడ్ అవుతూ కొద్దిపాటి కరెంటు పుట్టిస్తుంది, ఆ కరెంటే అంకెగా కనిపిస్తుంది. అందులో ఎలక్ట్రోలైట్ ఏళ్లు గడిచే కొద్దీ తగ్గిపోతుంది. ఎక్కువ సెన్సర్ల ఆయుష్షు ఐదు నుంచి ఏడేళ్లు, కొన్నిటికి పదేళ్లు, వాడినా వాడకపోయినా. వెనక ముద్రించిన తేదీ చూసి, గడువు తేదీని యాన్యువల్ ఇన్‌స్పెక్షన్ తేదీ పక్కనే రాసుకోండి. ఎండకి కాగి చలికి గడ్డకట్టే విమానంలో నెలలపాటు వదిలేయకుండా పోర్టబుల్‌ని ఇంటికి తెచ్చుకోవడం మంచిది. సున్నా సెట్ చేసే వీలున్న మీటర్ అయితే ఇంజిన్లు నడుస్తున్న ఏప్రన్ (విమానాలు నిలిపే చోటు) మీద ఆ పని చేయకండి, అక్కడి పొగనే సున్నా అనుకుని ఆ తర్వాత అంతా తక్కువ చూపిస్తుంది.

ఇంకొకటి, ఈ సెన్సర్లు హైడ్రోజన్‌కి కూడా స్పందిస్తాయి. లెడ్ యాసిడ్ బ్యాటరీ మితిమీరి చార్జ్ అవుతుంటే హైడ్రోజన్ వస్తుంది, బ్యాటరీ క్యాబిన్ వెనకాల ఉన్న విమానాల్లో ఎగ్జాస్ట్ అంతా బాగున్నా అంకె పెరగడానికి ఇదో కారణం. దాన్ని తప్పుడు అలారం అని కొట్టిపారేయకుండా వోల్టేజ్ చూడండి. ఆల్కహాల్ శానిటైజర్ చేతికి రాసుకుని వెంటనే మీటర్ పట్టుకున్నా కొన్ని పరికరాలు ఉలిక్కిపడతాయి.

డిటెక్టర్ ఎంత మంచిదైనా ఎగ్జాస్ట్ ఇన్‌స్పెక్షన్‌కి బదులు కాదు. ప్రతి యాన్యువల్‌లో ష్రౌడ్ విప్పి మఫ్లర్ చూడాలి. విప్పకుండా టార్చ్ వేసి చూశాం అంటే చూడనట్టే. తక్కువ ప్రెషర్ గాలి ఎగ్జాస్ట్‌లోకి పంపి, అతుకుల మీద సబ్బునీళ్లు పూసి బుడగలు చూసే పద్ధతి సులువు, నమ్మదగినది. సిలిండర్ దగ్గర గాస్కెట్ల చుట్టూ, స్లిప్ జాయింట్ల దగ్గర బూడిద రంగు చారలుంటే అక్కడ లీకవుతోందని అర్థం. వెయ్యి గంటలు దాటిన మఫ్లర్‌ని మార్చేయమని ఎఫ్‌ఏఏ సమాచార బులెటిన్‌లో సూచించారు. చట్టబద్ధమైన తప్పనిసరి కాదు కాబట్టి చాలామంది పట్టించుకోరు, నేను మాత్రం మార్చేయమనే చెబుతాను. మీ మఫ్లర్ వయసు లాగ్‌బుక్‌లో దొరక్కపోతే వెయ్యి దాటిందనే అనుకోండి.

అలారం మోగితే ఏం చేయాలో ఇప్పుడే, నేల మీద, మెదడు బాగున్నప్పుడే నిర్ణయించుకుని చెక్‌లిస్ట్‌లో రాసుకోండి. అప్పుడు ఆలోచిద్దాం అనుకుంటే అప్పటికి ఆలోచించే శక్తి ఉండకపోవచ్చు. హీటర్ పూర్తిగా మూసేయాలి, బయటి గాలి వెంట్లన్నీ తెరవాలి. ఆక్సిజన్ ఉంటే వెంటనే పెట్టుకోవాలి, అది రక్తంలోంచి ఈ వాయువుని బయటకి పంపే వేగాన్ని బాగా పెంచుతుంది. ఇంజిన్‌కి వీలైన పవర్‌లో మిక్స్చర్ లీన్ చేస్తే (ఇంధనం వాటా తగ్గిస్తే) ఎగ్జాస్ట్‌లో ఈ వాయువే చాలా తగ్గుతుంది. కిటికీ తెరిచే ముందు మాత్రం అంకె చూస్తూ తెరవండి, కొన్ని విమానాల్లో కిటికీ తెరిస్తే కింది నుంచి పొగ ఇంకా ఎక్కువ లాగుతుంది. ఏటీసీకి సంకోచం లేకుండా చెప్పండి, "కార్బన్ మోనాక్సైడ్" అనే మాట వాడి ఎమర్జెన్సీ ప్రకటించండి, అప్పుడు మీ గొంతులో తేడా వచ్చినా అవతలివాళ్లకి కారణం తెలుస్తుంది. దగ్గర్లో ఉన్న రన్‌వేలో దిగండి, ఇంటి రన్‌వే ఇంకో ఇరవై నిమిషాలే అనే లెక్క వద్దు. నా వరకు క్రూజ్‌లో 35 దాటి నిలబడితే హీటర్ బంద్, 50 దాటితే దారి మార్చి దిగడం, 100 అయితే ఎమర్జెన్సీ. అలారం అబద్ధమేమో అన్న ఆలోచన దిగాక చేస్తాను.

వేలికి పెట్టుకునే పల్స్ ఆక్సీమీటర్ 97 చూపిస్తోంది కదా అని ధైర్యపడకండి. మామూలు ఆక్సీమీటర్‌కి ఆక్సిజన్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌కీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న దానికీ తేడా తెలియదు, రెండింటినీ కలిపి మంచి అంకెగా చూపించేస్తుంది. దిగాక హాస్పిటల్‌కి వెళ్లినప్పుడు కూడా కార్బన్ మోనాక్సైడ్ పీల్చానని మీరే ముందు చెప్పి, కార్బాక్సీహిమోగ్లోబిన్ రక్తపరీక్ష అడగండి. మీకు బాగానే ఉన్నా వెనక సీట్లో కూర్చున్నవాళ్లని, ముఖ్యంగా పిల్లల్ని, గర్భిణుల్ని తప్పకుండా చూపించండి. దిగిన సమయం, చూసిన పెద్ద అంకె రాసుకుని వెళ్తే డాక్టర్‌కి ఉపయోగం, రక్తం తీసేసరికి స్థాయి కొంత తగ్గి ఉంటుంది కాబట్టి.

కారణం దొరికి, బాగుచేసి, నేల మీద ఇంజిన్ నడిపి అంకెలు చూసేదాకా ఆ విమానం ఎగరకూడదు. డిటెక్టర్ సంగతీ మర్చిపోవద్దు. పెద్ద మోతాదు తగిలిన సెన్సర్ కాసేపు సరిగ్గా పనిచేయకపోవచ్చు, కొన్ని గంటలు శుభ్రమైన గాలిలో వదిలేసి, సున్నాకి వచ్చిందో లేదో చూసి, మళ్లీ గ్యాస్‌తో బంప్ టెస్ట్ చేసి, అప్పుడే తిరిగి కాక్‌పిట్‌లో పెట్టండి.